తూకానికి రాని లెక్క

(ప్రపంచ మత్స్యకారుల దినోత్సవం సందర్భంగా శ్రీకాకుళంలో చేసిన ప్రసంగానికి పాఠం)

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దలకు, మత్స్యశాఖ అధికారులకు, విద్యార్థినీ విద్యార్థులకు, ఇచ్ఛాపురం మొదలుకొని కోనాడ వరకు ఊరూరి నుంచి ఒక రోజు వేట మానుకొని వచ్చిన మత్స్యకార సోదరులకు, అమ్మకాలు వదులుకొని వచ్చిన అక్కచెల్లెళ్ళకు నా నమస్కారాలు.

సముద్ర మత్స్య సంపదను జీవావరణ వ్యవస్థ ఆధారంగా అంచనా వేయడం, ఆ అంచనాను బట్టి వేటను నిర్వహించడం అనేది ఈనాటి నా విషయం. పేరు పొడవుగా ఉన్నా అందులోని ప్రశ్న సూటిగానే ఉంది. ఒక తీరంలో వేట బాగుందా, చెడిందా అని తేల్చాలంటే మనం ఏం చూడాలి? రేవులో తూచిన చేప బరువు చూస్తే సరిపోతుందా, లేక ఆ చేపను పెంచిన సముద్రాన్ని, నది సముద్రంలో కలిసే మొగను, అడుగు మట్టిని, దాన్ని తిని బతికే ఇతర జీవులను, దాన్ని పట్టి బతికే మనుషులను కూడా అదే లెక్కలో చూడాలా? అన్నీ చూడాలన్నదే నా సమాధానం. మన శ్రీకాకుళం, విజయనగరం తీరానికి ఇది మరింత అవసరం అని నేను ఎందుకు నమ్ముతున్నానో ఈ రోజు వివరిస్తాను.

ముందుగా పాత పద్ధతిని న్యాయంగా చెప్పుకోవాలి. చేపల నిల్వకు గణితం కట్టడం 1950లలో గట్టిపడింది. 1954లో షేఫర్, 1957లో బెవర్టన్, హోల్ట్ ఇచ్చిన సూత్రాల సారాంశం ఏమిటంటే, ప్రతి చేప జాతికి ఏటా కొంత పెరుగుదల ఉంటుంది. ఆ పెరుగుదల వరకే పట్టుకుంటే నిల్వ తరగదు. దీర్ఘకాలంలో ఎక్కువ దిగుబడి ఇచ్చే స్థాయి ఒకటి ఉంటుంది. దానినే గరిష్ఠ సుస్థిర దిగుబడి అంటున్నాం. ఈ ఆలోచన తప్పు కాదు, ఇప్పటికీ పునాది అదే. అయితే అది ఒక్కొక్క జాతిని విడిగా, చుట్టూ మరేమీ లేనట్టు చూస్తుంది. సముద్రంలో ఏ జాతీ విడిగా బతకదు.

పెరూ తీరంలో జరిగింది దీనికి పెద్ద ఉదాహరణ. మన నెత్తళ్ళకు దగ్గరి బంధువైన ఆంకోవెటా అనే చిన్న చేపను అక్కడ 1970లో ఒక్క ఏడాదే కోటీ ఇరవై లక్షల టన్నులకు మించి పట్టారు. అందులో అత్యధిక భాగం పశువుల, కోళ్ళ దాణాకు పిండిగా మారింది. 1972లో ఎల్ నినో వచ్చి సముద్రపు నీరు వేడెక్కింది. అసలే వేటతో పలచబడిన నిల్వ ఆ దెబ్బకు కుప్పకూలింది, 1973 నాటికి పట్టుబడి ఇరవై లక్షల టన్నులకు కూడా చేరలేదు. ఆ చేపను తిని బతికే సముద్ర పక్షులు కూడా భారీగా తగ్గిపోయాయి. చేప ఎంత మిగలాలి అన్న లెక్కలో పక్షికి వాటా లేదు, నీటి వేడికి చోటు లేదు. చిన్న చేప అంటే సముద్రంలో కింది మెట్టు మీది తిండి. నాచు పదార్థం నుంచి చిన్న ప్రాణికి, చిన్న ప్రాణి నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు తిండి చేరేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గర సుమారు పది శాతం మాత్రమే పైకి అందుతుంది. మనం కవ్వళ్ళు, నెత్తళ్ళు తీసుకున్నామంటే వంజరం, తూర వంటి విలువైన చేపల తిండిలోంచి తీసుకున్నామన్నమాట. తీసుకోవద్దని నేను అనను. పేదవాడి కంచంలో చేప అంటే ఎక్కువగా అవే. తీసుకునేటప్పుడు పై మెట్ల వాటా కూడా లెక్కలో ఉండాలంటాను, అంతే.

ఈ ఆలోచన ఒప్పందాల్లోకి రావడం అంటార్కిటికాతో మొదలైంది. 1980లో కుదిరి 1982లో అమల్లోకి వచ్చిన ఒడంబడిక, క్రిల్ అనే చిన్న రొయ్యవంటి ప్రాణిని పట్టుకునేటప్పుడు దాని మీద ఆధారపడ్డ తిమింగలాలకు, పెంగ్విన్లకు ఏం మిగులుతుందో చూడాలని రాసుకుంది. తరువాత 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ బాధ్యతాయుతమైన వేటకు నియమావళి ప్రకటించింది, 2001లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో పలు దేశాలు కలిసి జీవావరణ దృష్టిని ఒప్పుకున్నాయి, 2003లో అదే సంస్థ ఆచరణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మార్గదర్శకాల్లో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది: ప్రకృతి క్షేమాన్ని, మనిషి క్షేమాన్ని, రెండింటినీ నడిపించే పాలనా సామర్థ్యాన్ని ఒకే తట్టలో పెట్టడం. చేపను కాపాడి జాలరిని వదిలేసే పద్ధతిని అది జీవావరణ పద్ధతి అనదు.

ఇక మన దగ్గరకు వద్దాం. దేశంలో చేపల పట్టుబడిని లెక్కించే పని 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థది. రేవులను, రోజులను నమూనాగా ఎంచుకొని, ఏ వలతో ఏ జాతి ఎంత దిగిందో వాళ్ళ సిబ్బంది రాసుకుంటారు. దాని నుంచి రాష్ట్రం మొత్తానికి అంచనా కడతారు. ఇన్ని దశాబ్దాలుగా ఇంత వివరంగా రాసిపెట్టిన దేశాలు తక్కువ. ఆ సంస్థ 2022 సంవత్సరానికి 135 చేపల నిల్వలను పరిశీలించి, వాటిలో 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని తేల్చింది. ఇది సంతోషించవలసిన మాట. మీలో కొందరు ఈ అంకె వినగానే తల అడ్డంగా ఊపుతున్నారు. మీ వలలో కనిపిస్తున్నది వేరు కాబట్టి మీ అనుమానం నాకు అర్థమవుతోంది. ఈ రెండూ ఒకదానినొకటి కొట్టేసేవి కావు. నిల్వ అనేది పెద్ద ప్రాంతానికి, ఒక్కో జాతికి కట్టిన లెక్క. కళింగపట్నం ముందున్న పదిహేను బారల లోతు నీటిలో ఏం జరుగుతోందో ఆ లెక్క చెప్పదు, చెప్పాలని దాన్ని తయారుచేయలేదు.

మన తీరంలో చిక్కు ఇక్కడే ఉంది. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఇంత పొడవు తీరం ఉన్న జిల్లా మరొకటి లేదు. అయినా పెద్ద మరబోట్లు నిలిచే హార్బరు మనకు లేక, ఇసుక మీదికి లాగే ఫైబరు పడవలు, తెప్పలు, ఒడ్డు నుంచి లాగే అలివి వలలే మన వేటకు ఆధారంగా ఉన్నాయి. మన ముందున్న నీటిలో ట్రాల్ వల లాగే బోటు చేపను విశాఖపట్నంలోనో, ఇంకా ఉత్తరానికి పోతే ఒడిశా రేవుల్లోనో దింపుతుంది. ఆ చేప బరువు దిగిన రేవు ఖాతాలో పడుతుంది. నష్టం మాత్రం ఈ నీటిలోనే ఉండిపోతుంది. చేప ఎక్కడ దిగిందన్న గడి ఒక్కటే ఉండి, ఎక్కడ పట్టారన్న గడి లేకపోతే, మన సముద్రం మీద పడుతున్న ఒత్తిడి మన లెక్కల్లో ఎప్పటికీ కనిపించదు. లెక్క రేవు దగ్గర కాదు, వేట నీటి దగ్గర మొదలవాలి అని నేను ఈ రోజు ప్రధానంగా చెప్పదలచుకున్నాను.

ట్రాల్ వలను కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే వివాదమంతా దాని చుట్టూనే ఉంది. వల నోరు తెరుచుకోవడానికి రెండు పక్కలా బరువైన బోర్డులు ఉంటాయి. అవి అడుగు మట్టిని దున్నుకుంటూ పోతాయి. చివర చేప చేరే సంచి ఉంటుంది. ఆ సంచి కన్ను మామూలుగా వజ్రం ఆకారంలో ఉంటుంది. చేప నిండి బరువు పడేకొద్దీ తాళ్ళు సాగి కన్ను మూసుకుపోతుంది. కాగితం మీద కన్ను ఎంత వెడల్పని రాసి ఉన్నా, నీటిలో అది సన్నని గీతలా మారుతుంది. అందువల్లే గులివిందల పిల్లలు, గొరకల పిల్లలు, పీతలు, నత్తలు, విలువ లేదని పక్కన పారేసే రకరకాల ప్రాణులు అన్నీ కలిసి వస్తాయి. అదే కన్నును చదరంగా, నాలుగు పక్కలూ సమానంగా ఉండేట్టు అమరిస్తే బరువు పడినా తెరుచుకొనే ఉంటుంది, చిన్న చేప దూరి బయటపడుతుంది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ చదరపు కన్ను సంచిని ఎన్నో ఏళ్ళుగా ప్రచారం చేస్తోంది. ఖర్చు పెద్దది కాదు. అడ్డంకి మరొక చోట ఉంది: పిల్ల చేపకు కొనేవాడున్నాడు. దాణా పిండి మిల్లులకు, చేపల చెరువుల మేతకు ఎండబెట్టిన చిన్న చేప అమ్ముడుపోతున్నంత కాలం దాన్ని వదలాలని బోటు యజమానికి అనిపించదు. విత్తనానికి దాచిన గింజలను వండుకున్న ఇంట్లో మరుసటి ఏడు పంట ఉండదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడ గింజలు తినేది ఒకరు, పంట పోయేది మరొకరికి. కేరళ 2015లో 14 జాతులకు కనీస పొడవు నిర్ణయించింది, తరువాత ఆ జాబితాను 58 జాతులకు పెంచింది. నూనె కవ్వ 10 సెంటీమీటర్లు, కానాగంత 14 సెంటీమీటర్లు దాటితేనే పట్టాలి. రిబ్బన్ చేపకు 46 సెంటీమీటర్లు. పడవ మీద స్కేలు గీసిన చెక్క పట్టీ ఒకటి ఉంటే చాలు, ఎవరైనా కొలిచి చూడగలరు. మన రాష్ట్రంలో ఇటువంటి జాబితాను గట్టిగా అమలు చేయాలని నేను ఎన్ని వేదికల మీదనైనా అడుగుతాను.

అలివి వలను ఇందులోంచి మినహాయించమని కొందరు సోదరులు అడుగుతారు. ఒడ్డున ముప్పై, నలభై మంది కలిసి లాగే ఆ వల ఎన్నో కుటుంబాలకు తిండి పెడుతుంది, దాన్ని ట్రాల్ వలతో సమానం చేయడం నాకు ఇష్టం లేదు. అయినా ఒడ్డుకు దగ్గరి నిస్సార నీరే పిల్ల చేప పెరిగే చోటు కాబట్టి, దాని సంచి కన్ను గురించి కూడా మనలో మనం మాట్లాడుకోక తప్పదు.

ఇప్పుడు మొగల సంగతి. నాగావళి కళ్ళేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తున్నాయి. మత్స్య సంపద లెక్కలో ఈ నాలుగు మొగలకూ నేను పెద్ద పీట వేస్తాను. తెల్ల రొయ్య, టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడతాయి. కంటికి కనబడీ కనబడని రొయ్య పిల్లలు పోటుతో మొగలోకి వచ్చి, ఉప్పూ తీపీ కలిసిన నీటిలో కొన్ని వారాలు పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. పండుగప్ప పిల్లలు కూడా ఆ నీటిలోనే పెరుగుతాయి. నదిలో నీరు తగ్గితే మొగలో ఇసుక మేట వేసి దారి ఇరుకవుతుంది. పోటు నీరు లోపలికి రాదు, పిల్లలు రావు. వంశధార మీది గొట్టా బ్యారేజీ మనకు అన్నం పెడుతోంది, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే నీటి పంపకం లెక్క వేసే ఇంజనీరు ముందు పొలం ఉంటుంది, పట్టణం ఉంటుంది, పరిశ్రమ ఉంటుంది. మొగలో పెరిగే రొయ్య ఆ బల్ల మీదికి ఎప్పుడూ రాదు. సముద్రంలోకి పోయే నీటిని వృథాగా పోతున్న నీరు అని పత్రికలు రాస్తున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ నీరు మోసుకుపోయే ఒండ్రు, పోషకాలు తీరపు నీటికి ఎరువు. నౌపడా చిత్తడి నేలలు, సోంపేట బీల, తీరం వెంట ఉన్న తంపర భూములు వర్షపు నీటిని పట్టి మెల్లగా వదిలేవి. తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చుట్టుపక్కల చిత్తడుల్లో, పాయల్లో చేపలు తిని పిల్లల్ని పెంచుకుంటాయి. ఆ పక్షులు తక్కువ వచ్చిన ఏడు మత్స్యశాఖ కూడా కారణం వెతకాలి, అటవీశాఖ ఒక్కటే కాదు. ఇక పరిశ్రమల వ్యర్థజలం సముద్రంలో కలిసే చోట్ల గురించి మత్స్యకారులు చెబుతున్న మాటలను ఫిర్యాదులుగా దాఖలు చేసి వదలకుండా, ఆ చోట నీటిని, అడుగు మట్టిని, చేప కండను క్రమం తప్పక పరీక్షించి ఫలితాలను ఊరి సచివాలయం గోడ మీద అంటించాలి.

వేట నిషేధం గురించి కూడా ఇదే దృష్టితో చూడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం 2015 నుంచి ఉంది; అంతకుముందు మే 31తో ముగిసేది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్, విశాఖ తీరంలో వేసవి నెలల్లో లోతు నీరు పైకి ఉబికి రావడాన్ని గమనించి రాశారు. నైరుతి దిక్కు నుంచి గాలి తీరం వెంబడి వీచినప్పుడు, భూమి తిరగడం వల్ల పై నీరు కుడిపక్కకు, అంటే మన తీరంలో లోపలి సముద్రం వైపుకు జరుగుతుంది; ఆ ఖాళీలోకి అడుగున ఉన్న చల్లని, పోషకాలు నిండిన నీరు వస్తుంది. మిగిలిన కాలంలో బంగాళాఖాతం ఉత్తర భాగంలో నదుల తీపి నీరు పైన పొరగా పరుచుకొని కింది నీటిని పైకి రానివ్వదు. కనుక వేసవి నెలల్లో వచ్చే ఆ కొద్దిపాటి పోషణ మనకు ఎంతో విలువైనది. నిషేధం తేదీలు క్యాలెండరు చూసి కాక, నీటి వేడి, నీటిలోని నాచు పచ్చదనం చూసి ఏడాదికేడాది సరిచూసుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చేపలు దొరికే చోట్లను మీ ఫోన్లకు పంపుతోంది కదా, ఆ సమాచారమే చేపను ఎప్పుడు వదిలేయాలో చెప్పడానికి కూడా పనికొస్తుంది.

చేపకు జిల్లా హద్దు లేదు, తాబేలుకు రాష్ట్ర హద్దు లేదు. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో గుడ్లు పెడతాయి. ఒడిశా ప్రభుత్వం అక్కడ నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేటను నిషేధించింది. అదే తాబేళ్ళు మన ముందు నుంచీ పోతాయి, మన ఇసుక మీదా గుడ్లు పెడతాయి. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. వలలో గంటల తరబడి ఇరుక్కుంటే చనిపోతుంది. వల గొంతులో ఏటవాలుగా ఇనుప ఊచల చట్రం బిగిస్తే రొయ్య ఊచల సందులోంచి సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పైనున్న తలుపు గుండా బయటపడుతుంది. ఈ పరికరం సరిగా వాడని కారణంగా అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. తాబేలు చావు రొయ్య ధరను తగ్గించింది. జీవావరణం, జీవనం వేరు కావని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు.

ఇవన్నీ కలిపి కొలవడం సాధ్యమా అని అడగవచ్చు. దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు 2009లో ఒక పద్ధతి ప్రచురించారు. నిల్వ నిలకడ, జీవవైవిధ్యం, నివాస స్థలాల నాణ్యత అనే అంశాలను, తరువాతి రూపంలో మనుషుల ఆదాయ ప్రయోజనాన్ని కూడా తీసుకొని, ఒక్కో సూచికకు చేరవలసిన గీత ఒకటి, దాటకూడని గీత ఒకటి పెట్టారు. ఏ సూచిక ఏ గీతకు దగ్గరగా ఉందో చూసి ప్రమాదానికి మార్కులు వేసి, జాతికి, వేట రకానికి, చివరకు మొత్తం వ్యవస్థకు కలిపి చూస్తారు. సమాచారం బాగా ఉన్న చోట అంకెలతో, లేని చోట అనుభవజ్ఞులను అడిగి కట్టే స్థూల అంచనాతో పని నడిపే రెండు అంచెలు అందులో ఉన్నాయి. మనకు ఆ రెండో అంచె తగినది. సమాచారం పూర్తయ్యే దాకా ఆగుదాం అనడానికి ఇక సాకు లేదు.

మనుషుల గీత గురించి ఒక్క మాట. మన ఊళ్ళ నుంచి వేల మంది గుజరాత్‌లోని వీరావల్ బోట్ల మీద కూలికి పోతున్నారు. 2018 చివరలో మన రెండు జిల్లాల వాళ్ళు సముద్రపు హద్దు దాటారని పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై ఇంటికి వచ్చిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. సొంత తీరం బతుకు ఇవ్వలేక మనిషి వెయ్యి మైళ్ళ అవతలికి పోతున్నాడంటే, అది ఈ తీరపు వ్యవస్థ ఆరోగ్యాన్ని చెప్పే సూచిక. ఏ ఊరి నుంచి ఎంత మంది వలస పోయారన్నది కూడా చేపల లెక్క పక్కనే రాయాలని నేను కోరుతున్నాను. నిషేధ కాలపు భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు, మంచిదే; దానితో పాటు 8 కిలోమీటర్ల లోపు నీటిని సంప్రదాయ పడవలకు కేటాయించిన మన రాష్ట్ర నియమాన్ని నిజంగా నిలబెట్టడం అంతకంటే పెద్ద భృతి.

ఆచరణకు నేను ప్రతిపాదిస్తున్నది ఒక పుస్తకం. ప్రతి రేవులో ఒకటి. పడవ ఏ మొగకు ఏ దిక్కున, ఎన్ని బారల లోతులో వల వేసింది, ఏ వల, ఏ చేప ఎన్ని తట్టలు, అందులో కనీస పొడవుకు తక్కువవి ఎన్ని గుప్పిళ్ళు, తాబేలు గాని, టేకు చేప గాని, సొర గాని పడిందా, 8 కిలోమీటర్ల లోపు మరబోటు కనిపించిందా, మొగ తెరుచుకొని ఉందా. ఈ పుస్తకం రాయవలసింది పడవ మీద కాదు, ఒడ్డున చేపను వేరుచేసే చోట. ఆ పని చేసేది మహిళలు. ఏ చేప చిన్నదైంది, ఏ చేప రావడం మానేసింది అన్నది ముందుగా తెలిసేది వాళ్ళకే, కాబట్టి రాసేవారికి జీతం ఇచ్చి, వాళ్ళలోంచే తీసుకోవాలి. గడుల నమూనా ప్రతులు వెనకవరుస బల్ల మీద పెట్టాం. భోజనానికి వెళ్ళేముందు చూసి, మీ రేవుకు అక్కర్లేని గడిని కొట్టేయండి, నేను మరిచిన గడి ఉంటే కింద రాసి మీ ఊరి పేరు పెట్టండి.